మెట్ల మీద క్లాసులు: 2016 జేఎన్‌యూలో నా అనుభవం

2016 ఫిబ్రవరిలో నేను జేఎన్‌యూలో, అంటే ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీలో చదువుతున్నానని తెలిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఒకటే, దేశానికి వ్యతిరేకంగా ఆ నినాదాలు నిజంగా ఇచ్చారా లేదా అని. ఇన్నేళ్లయినా అదే ప్రశ్న. ఫిబ్రవరి 9 సాయంత్రం క్యాంపస్‌లో సబర్మతి ధాబా దగ్గర అఫ్జల్ గురు ఉరి మీద జరిగిన మీటింగ్‌లో ఆ నినాదాలిచ్చారని కేసు పెట్టారు. అక్కడ నేను లేను, ఆ కేసు కోర్టుకెళ్లింది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చూసింది, చేతులారా పని చేసింది ఆ తర్వాత వారాల తరబడి అడ్మిన్ బ్లాక్ ముందు జరిగిన దాంట్లో. రోజూ సాయంత్రం ప్రొఫెసర్లు వచ్చి ఆ మెట్ల దగ్గర మైకు పట్టుకుని పాఠం చెప్పేవాళ్లు, వందల మంది నేల మీద కూర్చుని వినేవాళ్లు, నోట్సు రాసుకునేవాళ్లు, ప్రశ్నలడిగేవాళ్లు. టీవీలో నినాదాలొచ్చాయి, ఈ పాఠాలు రాలేదు. తెలుగులో అయితే అస్సలు రాలేదు. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. మాది మార్కాపురం, నాన్న పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఢిల్లీలో చదవడం అనేది మా ఇంట్లో ఎవరూ ఊహించని విషయం. జేఎన్‌యూకి రాగలిగానంటే కారణం అక్కడ ఎంట్రన్స్ ఒక్కటే చూసేవాళ్లు, ట్యూషన్ ఫీజు ఏడాదికి మూడొందలు కూడా ఉండేది కాదు, పైగా డిప్రివేషన్ పాయింట్లని ఉండేవి, అంటే వెనకబడిన జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి, ఆడపిల్లలకి ఎంట్రన్స్ మార్కుల మీద కొన్ని పాయింట్లు కలిపేవాళ్లు. ఈ పాయింట్ల పద్ధతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను. అప్పుడు నేను ఎంఫిల్‌లో, అంటే పీహెచ్‌డీకి ముందు చేసే రీసెర్చ్ డిగ్రీలో ఉన్నా, సోషల్ సైన్సెస్ వైపు. రాజకీయాలంటే మెస్‌లో రాత్రి భోజనాలయ్యాక జరిగే మీటింగులకి వెళ్లి వెనక కూర్చుని వినడం, ఏ సంఘం పర్చా (కరపత్రం) ఇచ్చినా తీసుకుని చదవడం, అంతవరకే.

చాలామంది ఈ కథని ఫిబ్రవరి 9 నుంచి మొదలుపెడతారు. తెలుగువాళ్లకి మాత్రం జనవరి 17 నుంచే మొదలైంది. ఆ రోజు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హెచ్‌సీయూలో రీసెర్చ్ స్కాలర్ రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకుముందు రోహిత్‌తో సహా అయిదుగురు దళిత రీసెర్చ్ స్కాలర్లని హాస్టల్ నుంచి బయటికి పంపించేశారు, వాళ్లు క్యాంపస్ దుకాణాలుండే షాప్‌కామ్ దగ్గర ఆరుబయట అంబేద్కర్ ఫొటో పెట్టుకుని టెంటు కింద పడుకున్నారు, దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతులన్నీ నాకు జనవరి మొదటివారం నుంచే తెలుసు, ఎందుకంటే నా డిగ్రీ స్నేహితురాలు అక్కడే చదువుతోంది, ఫొటోలు పంపేది. ఆ వార్త వచ్చిన రాత్రి మా హాస్టల్లో తెలుగు అమ్మాయిలం ఒక రూమ్‌లో చేరి రోహిత్ చివరి ఉత్తరం చదువుకున్నాం, ఒకళ్లు పైకి చదువుతుంటే మిగతావాళ్లం విన్నాం, సగంలో ఆమె చదవలేకపోయింది, ఇంకొకళ్లు తీసుకున్నారు. ఫెలోషిప్ ఏడు నెలలది రావాలి, లక్షా డెబ్భై అయిదు వేలు, అది మా ఇంటివాళ్లకి అందేలా చూడండి అని రాశాడు కదా, ఆ లైను దగ్గర. ఫెలోషిప్ ఆగితే ఇంటికి డబ్బు పంపడం ఆగుతుందని తెలిసినవాళ్లకే ఆ లైను బరువు తెలుస్తుంది.

తర్వాత రోజు నుంచే ఢిల్లీలో కేంద్ర విద్యాశాఖ ఉండే శాస్త్రి భవన్ ముందు ధర్నాలు మొదలయ్యాయి, నేను జీవితంలో మొదటిసారి ప్లకార్డు పట్టుకుంది అక్కడే. కాబట్టి ఫిబ్రవరిలో మా క్యాంపస్‌కి పోలీసులొచ్చేటప్పటికి మేం అప్పటికే కదిలిపోయి ఉన్నాం. ఇది చెప్పకుండా జేఎన్‌యూ కథ చెప్తే సగం కథే చెప్పినట్టు.

ఫిబ్రవరి 12న స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంట్ కన్హయ్య కుమార్‌ని దేశద్రోహం కేసులో అరెస్ట్ చేశారు. హాస్టళ్లలో వెతుకుతున్నారని, పేర్ల లిస్ట్ ఉందని రకరకాల మాటలు. ఎవరి పేరు ఉందో ఎవరికీ తెలీదు, ఆ తెలీకపోవడమే ఎక్కువ భయపెట్టింది. 14న ఆదివారం విద్యార్థులు, టీచర్లు కలిసి క్యాంపస్‌లో మానవహారం కట్టారు. అది నాకు పెద్ద విషయం. నా క్లాసులో ఎప్పుడూ మొహం చిట్లించుకుని పేపర్లు దిద్దే మేడమ్ ఒకావిడ నా పక్కన చెయ్యి పట్టుకుని నిలబడింది, పేరేంటమ్మా అని అడిగింది, ఏ ఊరు, ఇంట్లోవాళ్లు కంగారు పడుతున్నారా అని అడిగింది. ఆ మరుసటి రోజు నుంచి క్లాసులు బంద్, సమ్మె. అదే రోజు కన్హయ్య కేసు విచారణకి వచ్చిన విద్యార్థుల్నీ, టీచర్లనీ, జర్నలిస్టుల్నీ పటియాలా హౌస్ కోర్టులో లాయర్లు కొట్టారు. దెబ్బలు తిన్న టీచర్లు తిరిగొచ్చి మాట్లాడుతుంటే విన్నాం.

ఇప్పుడు అసలు విషయం. సమ్మె అంటే క్లాసులు ఉండవు, లైబ్రరీ చుట్టూ ఖాళీ, జనం అంతా అడ్మిన్ బ్లాక్ ముందే. రోజంతా అక్కడ కూర్చుని ఏం చెయ్యాలి? మొదటి రెండు మూడు రోజులు నినాదాలు, పాటలు, డఫ్లీ, ఉపన్యాసాలు. కానీ నినాదాలు ఎంతసేపని ఇస్తారు, గొంతు పోద్ది, ఒకే మాట వందసార్లు వింటే కొత్తగా వచ్చినవాడు లేచి వెళ్లిపోతాడు. బయట టీవీల్లో రోజంతా దేశం, దేశద్రోహం, జాతీయవాదం అని అరుస్తున్నారు. సరే, దాని మీదే క్లాసులు పెడదాం, జాతీయవాదం అంటే ఏంటో ఇక్కడే బహిరంగంగా పాఠం చెబుదాం అని టీచర్లు అనుకున్నారు. టీచర్ల సంఘం, విద్యార్థి సంఘం రెండూ కలిసి చేసిన పని అది. ఫిబ్రవరి 17న మొదలైంది. మొదటి క్లాసు గోపాల్ గురు గారు చెప్పారు, పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్, అవమానం గురించీ దళిత ఆలోచన గురించీ ఏళ్లుగా రాస్తున్న మనిషి. రోహిత్ చనిపోయి సరిగ్గా నెల. దేశం అంటే ఏంటి అన్న ప్రశ్న ఆయనతో మొదలవ్వడం నాకు చాలా సరైనదిగా అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

బయటినుంచి చూసేవాళ్లకి ఇది తనంతట తానే జరిగినట్టు కనిపిస్తుంది. ప్రొఫెసర్ వచ్చారు, మాట్లాడారు, వెళ్లారు. దాని వెనక ఎంత చాకిరీ ఉందో నాకు తెలుసు, ఎందుకంటే నేను అందులో పడ్డాను. మా సీనియర్ అన్న ఒకాయన, ఖమ్మం వైపు, ఒక మధ్యాహ్నం కనపడి "చెల్లీ, ఖాళీగానే ఉన్నావుగా, సాయంత్రం దర్రీలు పరిచేవాళ్లు తక్కువున్నారు, వస్తావా" అన్నాడు. దర్రీలు, అంటే జంపఖానాలు, పరవడానికి వెళ్లినదాన్ని, తర్వాత రోజూ అదే పని. మూడింటికల్లా వెళ్లి నేల ఊడవాలి, ఎందుకంటే రాత్రంతా జనం కూర్చుని టీ కప్పులు, పల్లీ పొట్టు పడేసి ఉంటారు. మనం కూర్చునే చోటు మనం శుభ్రం చెయ్యకపోతే చీపురు పట్టేది ఎవరు, కాంట్రాక్ట్ మీద పనిచేసే సఫాయి అక్కలు. వాళ్ల జీతాల గురించి మనం నినాదాలిస్తూ వాళ్ల చేతనే మన చెత్త ఎత్తించకూడదు కదా. దీని మీద రెండో రోజే కొంచెం గట్టిగా గొడవైంది, అప్పట్నుంచి ఊడవడం హాస్టళ్ల వారీగా వంతులేసుకున్నాం. ఇందులో కూడా మొదట అమ్మాయిలే ఎక్కువ కనిపించేవాళ్లు, అది కూడా అడగాల్సి వచ్చింది, అడిగాక మారింది.

తర్వాత మైకు. సౌండ్ సరిగ్గా లేకపోతే క్లాసు లేనట్టే. వెనక కూర్చున్నవాళ్లకి వినపడకపోతే వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడతారు, ఆ గోలకి ముందువాళ్లకీ వినపడదు. స్పీకర్ బాక్సులు ఎక్కడ పెట్టాలి, గాలి ఎటు వీస్తోంది, కరెంటు పోతే బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుంది, ఇవన్నీ చూసే ఇద్దరు కుర్రాళ్లుండేవాళ్లు, వాళ్ల పేర్లు ఎక్కడా రావు. ఇంకో ఇద్దరు వీడియో తీసేవాళ్లు. ప్రతి లెక్చరూ రికార్డ్ చేసి రాత్రికి రాత్రే యూట్యూబ్‌లో పెట్టాలని పట్టుబట్టింది వీళ్లే. అది ఎంత తెలివైన పనో తర్వాత అర్థమైంది, ఎందుకంటే ఒక టీచర్ మాట్లాడిన దాంట్లోంచి రెండు నిమిషాలు కత్తిరించి టీవీలో తిప్పినప్పుడు, మొత్తం ఇదిగో చూడండి అని లింకు ఇవ్వగలిగాం. వీటన్నిటినీ కలిపి ఆ ఏడాదే పుస్తకంగా కూడా వేశారు.

నా అసలు పని నోట్సు. దర్రీలు పరిచాక మెట్ల పక్కనే కూర్చుని రాసుకునేదాన్ని. పాఠాలు ఎక్కువ ఇంగ్లీషులో, కొన్ని హిందీలో. రాత్రి రూముకొచ్చి దాన్ని తెలుగులో రెండు పేజీలకి కుదించి హెచ్‌సీయూ, ఉస్మానియా, ఇఫ్లూ ఫ్రెండ్స్‌కి వాట్సాప్ చేసేదాన్ని, అక్కణ్నుంచి అది ఇంకెక్కడికో పోయేది. పాఠం తెలుగులోకి తేవాలంటే ముందు నాకు పూర్తిగా అర్థమవ్వాలి. ఇంగ్లీషులో వింటున్నప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, మా నాన్నకి చెప్పగలనా అని రాయడానికి కూర్చుంటే అప్పుడు తెలిసేది ఎక్కడ ఖాళీ ఉందో. మర్నాడు వెళ్లి ఆ టీచర్నే ఆపి అడిగేదాన్ని. మామూలు రోజుల్లో వాళ్ల రూమ్ తలుపు కొట్టడానికి కూడా నాకు ధైర్యం ఉండేది కాదు.

ప్రభాత్ పట్నాయక్ గారి క్లాసు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పటిదాకా నేను జాతీయవాదం అంటే ఒకటే రకం అనుకునేదాన్ని, నచ్చితే మంచిది, లేకపోతే చెడ్డది. ఆయన రెండుగా విడదీశారు. యూరప్‌లో 1648 వెస్ట్‌ఫేలియా ఒప్పందాల తర్వాత పెరిగిన జాతీయవాదం ఒకటి, అది తన దేశంలోపలే ఒక శత్రువుని చూపిస్తుంది, బయట వేరే దేశాల మీద పడుతుంది, దేశాన్ని జనం కంటే పైన కూర్చోబెడుతుంది. రెండోది వలస పాలనకి ఎదురు తిరిగిన దేశాల్లో వచ్చింది, అందర్నీ కలుపుకోకపోతే అది బతకదు, బతుకు బాగుపడటమే దేశం బాగుపడటం అంటుంది. ఇది విన్న రాత్రి నేను నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్న కాసేపాగి, అయితే మన తాత ఉప్పు సత్యాగ్రహం కథలు చెప్పేవాడే, అది రెండో రకం కదా అన్నాడు. అవును నాన్నా అన్నాను.

అయేషా కిద్వాయ్ గారు భాషాశాస్త్రం మేడమ్, మాతృభాషల గురించి, భాష పేరుతో వచ్చే జాతీయవాదం గురించి చెప్పారు. ఆ క్లాసయ్యాక మేం తెలుగువాళ్లం గోదావరి ధాబా దగ్గర కూర్చుని అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. 1953లో భాష పేరు మీద మొదటి రాష్ట్రం మనదే, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో అదే భాష మాట్లాడేవాళ్లు రెండు రాష్ట్రాలయ్యారు. మరి భాష జనాన్ని కలిపిందా, ఒకళ్ల భాష ఇంకొకళ్ల మీద కూర్చుందా? నల్గొండ తమ్ముడు అన్నాడు, "అక్కా, మీ తెలుగు టీవీలో వార్తలు చదివేది, మా తెలుగు సినిమాలో కామెడీకి వాడేది, అది చాలదా చెప్పడానికి" అని. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు అబ్బాయి ఒకతను అప్పటిదాకా మాట్లాడనివాడు, మీ ఇద్దరి తెలుగూ కలిసి మా భాషని బడి బయటే ఉంచింది అన్నాడు. దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు. 1961 జనాభా లెక్కల్లో పదహారు వందల పైచిలుకు మాతృభాషలు నమోదైతే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఇప్పుడున్నవి 22. ఈ అంకెలు పరీక్ష కోసం నేనెప్పుడో బట్టీ పట్టినవే, ఆ రాత్రే వాటిలో మనుషులు కనపడ్డారు.

రొమిలా థాపర్ గారు మార్చిలో వచ్చారు. ఎనభై నాలుగేళ్ల మనిషి, అక్కడ హిస్టరీ సెంటర్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. ఆ రోజు కూర్చోడానికే కాదు, నిలబడటానికీ చోటు లేదు. భారత చరిత్రని హిందూ కాలం, ముస్లిం కాలం, బ్రిటిష్ కాలం అని ముక్కలు చేసింది జేమ్స్ మిల్, 1817లో, ఒక్కసారి కూడా ఇండియాకి రాకుండా. రెండు మతాలు రెండు జాతులు అనే మాటకి వేర్లు అక్కడ ఉన్నాయి అన్నది ఆమె ఎప్పటినుంచో రాస్తున్న విషయమే. కానీ పుస్తకంలో చదవడం వేరు, ఎప్పుడు పోలీసులొస్తారో తెలీని చోట కూర్చుని వినడం వేరు. అరవడం లేదు, చెయ్యి కూడా పెద్దగా ఎత్తడం లేదు, ఒక్కో వాక్యం నిదానంగా చెప్తున్నారు, జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. కోపంగా ఉన్న ఇరవై ఏళ్ల పిల్లల్ని ఇంత నెమ్మదిగా కూర్చోబెట్టగలిగింది నేను చూసినంతలో పాఠం ఒక్కటే.

ఇలా ఆక్రమించిన చోట క్లాసు పెట్టడం కొత్త కాదని కూడా అప్పుడే తెలుసుకున్నా. 1965 మార్చి 24 రాత్రి అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా టీచర్లు ముందు ఒక రోజు క్లాసులు ఆపేద్దాం అనుకున్నారట, పైనుంచి గట్టిగా అడ్డం తగిలితే, ఆపడం కాదు రాత్రంతా అదనంగా చెబుదాం అని మార్చుకున్నారు, దాదాపు మూడు వేలమంది తెల్లారేదాకా కూర్చున్నారు. టీచ్-ఇన్ అనే పద్ధతి అక్కణ్నుంచే దేశమంతా పాకింది. 1968 మేలో పారిస్ సోర్బోన్‌ని విద్యార్థులు పట్టుకున్నప్పుడు కూడా హాళ్లలో రాత్రింబగళ్లు చర్చలే. మా క్యాంపస్‌కి కూడా సొంత చరిత్ర ఉంది. ఎమర్జెన్సీ అయ్యాక 1977లో విద్యార్థులు ఇందిరాగాంధీ ఇంటికి ఊరేగింపుగా వెళ్లి ఛాన్సలర్‌గా దిగిపొమ్మని మెమొరాండం చదివారు, చదివింది మన తెలుగాయనే, సీతారాం ఏచూరి, ఆమె దిగిపోయారు కూడా. 1983లో వందలమంది విద్యార్థుల్ని తీహార్ జైల్లో పెట్టారు, ఆ ఏడాది అసలు అడ్మిషన్లే జరగలేదు. ఈ రెండో సంగతి మాకు చెప్పింది అప్పుడు తీహార్‌లో ఉండి వచ్చిన ఒక మాజీ విద్యార్థి, ఇప్పుడు జుట్టంతా నెరిసిపోయింది, క్లాసు వినడానికొచ్చి మాతోపాటు నేల మీదే కూర్చున్నాడు.

ఇంటి సంగతి చెప్పకపోతే అబద్ధం అవుద్ది. అమ్మ రోజూ ఫోన్. తెలుగు ఛానెల్స్ పొద్దస్తమానం అదే చూపిస్తున్నాయి, పక్కింటి వాళ్లు వచ్చి మీ అమ్మాయి కూడా అక్కడే కదా అని అడుగుతున్నారట. "చదువుకోడానికి పంపితే ఈ గొడవలేంటే, ట్రైనెక్కి వచ్చెయ్" అని ఏడ్చింది. నేను ఏం చెప్పాలో తెలీక ఒకరోజు క్లాసు జరుగుతుంటే ఫోన్ అలాగే ఆన్ చేసి పట్టుకున్నా, వినమ్మా అని. ఆమెకి ఆ భాష రాదు. కానీ ఎవరో పెద్దావిడ మాట్లాడుతోంది, అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు, మధ్యలో ఎవరో ప్రశ్న అడుగుతున్నారు, అది వినపడింది. ఇదేనా అంది. ఇదే అన్నాను. ఆ తర్వాత కూడా భయపడింది గానీ వచ్చెయ్యమనడం తగ్గింది. బయట మాత్రం పరిస్థితి వేరు, ఆటో ఎక్కి క్యాంపస్ పేరు చెప్తే దిగిపొమ్మన్నవాళ్లున్నారు, ఐడీ కార్డు మెడలోంచి తీసి బ్యాగులో పెట్టుకుని తిరిగాం. ఫిబ్రవరి 18న మండీ హౌస్ నుంచి జంతర్ మంతర్‌కి ర్యాలీ తీస్తే వేల మంది వచ్చారు, గులాబీలు పట్టుకుని వచ్చినవాళ్లున్నారు, ఆ రోజు ఊపిరి కొంచెం ఆడింది.

ఇప్పుడు కొంచెం చేదు విషయం, ఇది మనసులో పెట్టుకుని ఉండలేను. మెట్ల దగ్గర అందరం ఒకటిగా ఉన్నట్టు కనిపించినా లోపల వాదనలు జరిగాయి, జరగాల్సినవే. దళిత, బహుజన విద్యార్థి సంఘాలవాళ్లు సూటిగా అడిగారు: మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నది ఎక్కువ ఎవరు? రోహిత్ ఫొటో బ్యానర్ మీద ఉంది, రోహిత్ లాంటివాళ్లు వక్తల లిస్టులో ఎంతమంది ఉన్నారు? మా టీచర్లలో ఎంతమంది దళితులు, ఎంతమంది ఆదివాసీలు? కొందరికి ఇది ఉద్యమాన్ని చీల్చడంలా అనిపించింది. నాకు అలా అనిపించలేదు. ప్రొఫెసర్ అంత ధైర్యంగా వచ్చి జాతీయవాదం మీద పాఠం చెప్పినప్పుడు, క్లాస్‌రూమ్‌లో కులం మీద కూడా అదే మెట్ల మీద నిలబడి ప్రశ్న అడగగలగాలి. అడిగారు, వాళ్లు జవాబు చెప్పారు, కొన్నిసార్లు చెప్పలేకపోయారు. ఆ చెప్పలేకపోవడం కూడా అందరి ముందే జరిగింది.

అంతకంటే ఎక్కువ బాధపెట్టింది హైదరాబాద్ విషయం. ఢిల్లీలో కెమెరాలున్నాయి, పెద్ద లాయర్లున్నారు, ఇంగ్లీషు పేపర్లలో రాసే ప్రొఫెసర్లున్నారు, విదేశీ యూనివర్సిటీల నుంచి సంఘీభావం ఉత్తరాలు వచ్చాయి. మార్చి 3 రాత్రి కన్హయ్య బెయిల్ మీద తిరిగొచ్చి అవే మెట్ల దగ్గర మాట్లాడితే టీవీలన్నీ లైవ్ ఇచ్చాయి. మార్చి 22న హెచ్‌సీయూలో లాఠీఛార్జి జరిగింది, పాతికమంది విద్యార్థుల్నీ, ఇద్దరు టీచర్లనీ అరెస్ట్ చేసి చర్లపల్లి జైల్లో పెట్టారు, క్యాంపస్‌లో మెస్సులు మూతపడ్డాయి, నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ ఆగిపోయాయి, పిల్లలు షాప్‌కామ్ దగ్గర సొంతంగా వంట చేసుకోవాల్సి వచ్చింది. దీనికి ఎంత కవరేజీ వచ్చిందో మీరే గుర్తుచేసుకోండి. నా స్నేహితురాలి ఫోన్ రెండు రోజులు కలవలేదు. కలిశాక మొదటి మాట, "మీ దగ్గరున్న కెమెరాల్లో ఒక్కటి ఇటు తిప్పవే" అంది.

ఆ సాయంత్రం మేం తెలుగువాళ్లం క్లాసు మొదలయ్యే ముందు పది నిమిషాలు అడిగి తీసుకున్నాం. ఎవరో ఒకళ్లు మాట్లాడాలి, ఖమ్మం అన్న నన్ను చూశాడు. నేను అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. హిందీ నాకు అంత బాగా రాదు, ఇంగ్లీషులో చెప్తే నా గొంతు నాదిలా ఉండదు, అందుకని తెలుగులో మాట్లాడాను, పక్కన నిలబడి నల్గొండ తమ్ముడు హిందీలో చెప్పాడు. ఉపన్యాసం ఏం కాదు, అక్కణ్నుంచి వచ్చిన మెసేజీలు చదివాను, తేదీ, టైము, ఏం జరిగింది, ఎవరికి వైద్యం కావాలి. చదవడం అయ్యాక ఒక ప్రొఫెసర్ లేచి, ఈ రోజు నా క్లాసు టైములో సగం దీనికే ఇస్తాను, హైదరాబాద్‌లో అరెస్టయిన టీచర్లు ఏం పాఠం చెప్తారో మనం తెలుసుకుందాం అన్నారు. ఆ రాత్రి హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడు భాషల్లో పర్చా రాసి జిరాక్స్ తీయించి తెల్లారేసరికి అన్ని హాస్టల్ మెస్సుల్లో టేబుళ్ల మీద పెట్టాం. మార్చి ఆఖర్లో వాళ్లకి బెయిల్ వచ్చింది.

ఇలాంటిది మీ క్యాంపస్‌లో ఎవరైనా చేద్దామనుకుంటే నాకు తెలిసినంతవరకు కొన్ని మాటలు. టైము మార్చకండి, సాయంత్రం అయిదంటే అయిదే, పదిమందే ఉన్నా మొదలుపెట్టండి, జనం ఆ టైముకి అలవాటు పడతారు. ప్రశ్నలకి మాట్లాడినంత సేపు ఇవ్వండి, ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఇచ్చేవాణ్ని మర్యాదగా ఆపే మనిషి ఒకరుండాలి, ఆ పని అందరూ చెయ్యలేరు. మీతో ఏకీభవించని టీచర్ని కూడా పిలవండి. మా దగ్గర మకరంద్ పరాంజపే గారు వచ్చి ఎక్కువమందికి నచ్చని మాటలు మాట్లాడారు, విన్నారు, తర్వాత ఎదురు ప్రశ్నలు వేశారు, అలా జరగబట్టే అది క్లాసు అయింది. మొదటి ఏడాది పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. రాత్రి అక్కడ పడుకునేవాళ్లకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, దుప్పట్లు, బాత్రూమ్, తోడు, ఇవి ఉదయమే చూసుకోవాలి, చీకటి పడ్డాక వెతుక్కుంటే దొరకవు. లాయర్ నంబరు చేతి మీద పెన్నుతో రాసుకోండి, ఫోన్ లాక్కుంటే ఫోన్‌లో ఉన్న నంబరు ఎందుకూ పనికిరాదు. ఇంకా, మాట్లాడినవాళ్ల పేర్లతో పాటు ఊడ్చినవాళ్లు, వైర్లు కలిపినవాళ్లు, టైపు కొట్టినవాళ్ల పేర్లు కూడా ఎక్కడో రాసి పెట్టండి.

ఏప్రిల్‌లో ఫిబ్రవరి 9 సంగతి మీద వేసిన ఎంక్వైరీ కమిటీ రిపోర్టు మీద యూనివర్సిటీ శిక్షలు ప్రకటించింది, జరిమానాలు, కొందరికి సస్పెన్షన్లు. అదే చోట నిరాహారదీక్ష మొదలైంది, ఎండాకాలం, మే దాకా సాగింది, హైకోర్టు జోక్యం చేసుకున్నాక ఆగింది. దాని గురించి ఎక్కువ రాయలేను, పడిపోయిన స్నేహితుల్ని ఆస్పత్రికి మోసుకెళ్లడం తప్ప నాకేం గుర్తులేదు.

అసలు దెబ్బ తర్వాత ఏడాది పడింది, దానికి టీవీలు రాలేదు. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2016లో తెచ్చిన రూల్స్ ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ముగ్గురు ఎంఫిల్, ఎనిమిది మంది పీహెచ్‌డీ స్టూడెంట్లకి మించి ఉండకూడదన్నారు, అసోసియేట్ ప్రొఫెసర్‌కి ఇద్దరు, ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఒకరు, నలుగురు. దీన్ని 2017 అడ్మిషన్లకి అమలు చేస్తే దాదాపు వెయ్యి దాకా ఉండే రీసెర్చ్ సీట్లు వంద చిల్లరకి వచ్చాయి. చాలా సెంటర్లలో ఒక్క సీటూ లేదు. నేను ముందు చెప్పిన డిప్రివేషన్ పాయింట్లు రీసెర్చ్ అడ్మిషన్లకి తీసేశారు. ఆ ఏడాది మా ఊరినుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, అక్కా నేనూ నీలాగే ఎంఫిల్‌కి రాద్దామనుకుంటున్నా, మీ సెంటర్లో ఎన్ని సీట్లున్నాయి అని అడిగింది. సున్నా అని చెప్పాల్సి వచ్చింది. దేశద్రోహి అన్నప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు.

మళ్లీ కూర్చున్నాం. అడ్మిన్ బ్లాక్‌కి వంద మీటర్ల లోపల ధర్నా చెయ్యకూడదని 2017లోనే కోర్టు ఆర్డర్ వచ్చింది, కాబట్టి మెట్ల దగ్గరికి వెళ్లే దారి లేదు. సెంటర్ల వారీగా ఎన్ని సీట్లు పోయాయో, ఏ జిల్లాల పిల్లలు ఎంతమంది వచ్చేవాళ్లో టేబుల్ వేసి జిరాక్స్ తీశాం. హాస్టల్ మెస్‌లో రాత్రి భోజనాలయ్యాక బెంచీలు పక్కకి జరిపి దాని మీద క్లాసు పెట్టాం, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో, ఈసారి లెక్కలు బోర్డు మీద రాసి చెప్పింది స్టూడెంట్లే, టీచర్లు వచ్చి కింద కూర్చున్నారు.